ఋ దగ్గర ఆగిన పట్టభద్రురాలు

మా మేనకోడలు దేదీప్య పట్టభద్రురాలైన నాటికి దానికి అ నుంచి ఊ వరకు వచ్చు. ఋ దగ్గర ఆగింది. ఋ దగ్గర చాలామంది ఆగుతారు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే మామూలుగా అలా ఆగినవాళ్లకి నల్లగౌను తొడిగి, నెత్తిన నలుచదరపు టోపీ పెట్టి, చేతికి చుట్టచుట్టిన కాగితం ఇచ్చి, ఫొటో తీసి ఇంటికి పంపెయ్యరు. మా బడుల శ్రేణిలో పంపేస్తారు. దానికి టోపీ పెట్టింది నేనే. వంకర లేకుండా పెట్టాను.

నా పేరు పైడిరాజు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా నాన్న ఓడరేవులో బస్తాలు మోశాడు. మా అప్ప నూకరత్నం, అంటే దేదీప్య తల్లి, రొయ్యల కంపెనీలో రొయ్యలు వొలుస్తుంది. నా పట్టా పోస్టులో వచ్చింది. ఆ పూట ఇంట్లో ఎవరూ లేకపోతే పోస్టుమాన్ కిటికీలోంచి విసిరాడు, అది వెళ్లి నీళ్లబిందెలో పడింది. ఇప్పటికీ నా పట్టా మీద వైస్ ఛాన్సలర్ గారి సంతకం కొంచెం ఉబ్బినట్టు ఉంటుంది. అందుచేత స్నాతకోత్సవం అన్నా, గౌను అన్నా నాకు మొదట్నుంచీ గౌరవం.

నేను పనిచేసేది ‘ఊర్ధ్వగామి ప్రజా చార్టర్ పాఠశాలల శ్రేణి’లో. చార్టర్ అంటే ఏమిటని మా అప్ప అడిగితే ఇలా చెప్పాను: “బడి కార్పొరేషన్‌ది. పిల్లలు పేటలోవాళ్లు. ఖర్చు ప్రభుత్వానిది. నడిపేది మాత్రం ఒక ట్రస్టు.”

“మరి పేరెవులికి వస్తాది?” అంది మా అప్ప.

“ట్రస్టుకి.”

“అయితే బానే ఉన్నాది వాళ్లకి,” అని రొయ్యల వాసన పోవడానికి చేతులకి నిమ్మచెక్క రాసుకుంది.

మా శ్రేణికి ముఖ్య పరివర్తనాధికారి విహారి గారు. వయసులో నాకంటే చిన్నవాడు. తెల్ల బూట్లు వేసుకుని ఎప్పుడూ నిలబడే మాట్లాడతారు. కుర్చీలో కూర్చుంటే ఆలోచన కూడా కూర్చుంటుందట. ఇంటర్వ్యూలో ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు: “మీ ఫ్యామిలీలో మీకు ముందు ఎవరైనా గ్రాడ్యుయేట్లు ఉన్నారా?” లేరన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీలాంటి వాళ్లని తయారు చెయ్యడానికే ఈ శ్రేణి పుట్టింది పైడిరాజు గారూ,” అన్నారు. నాకు ఏ సబ్జెక్టు వచ్చో అడగడం మర్చిపోయారు. నేను కూడా గుర్తు చెయ్యలేదు. బాగుండదు కదా.

బడిలో నా ఫొటో పెద్దది చేసి ‘తొలితరం దీపం’ అని రాసి గోడకి తగిలించారు. నన్ను టీచరు అనరు, ‘అభ్యసన సహచరుడు’ అంటారు. హెడ్మిస్ట్రెస్ హైమవతి మేడంని ‘క్యాంపస్ సారథి’ అంటారు. పిల్లల్ని పిల్లలు అనడం పూర్తిగా నిషేధం. ‘కాబోయే పట్టభద్రులు’ అనాలి. యూకేజీలో ఒకడు ఇంకొకణ్ణి గిల్లితే, “కాబోయే పట్టభద్రుడా, కాబోయే పట్టభద్రుణ్ణి గిల్లకు,” అనాలి. ఆ వాక్యం పూర్తయ్యేలోపల వాడు ఇంకో ఇద్దర్ని గిల్లేవాడు. అయినా నేను ఎన్నడూ కుదించలేదు.

ఆశయం మాత్రం మంచిదే. పేటలో ప్రతి ఇంట్లోంచీ ఒక పట్టభద్రుడు రావాలి. కార్పొరేషన్‌తో ఒప్పందం కూడా అలాగే రాసుకున్నారు: శ్రేణి ఎంత ఎక్కువమందిని పట్టభద్రుల్ని చేస్తే, కార్పొరేషన్ అంత ఎక్కువగా బడులు అప్పగిస్తుంది. ఇక్కడ అందరూ ఒక చిన్న విషయం మర్చిపోయారు. యూకేజీ పిల్ల డిగ్రీ పూర్తి చెయ్యాలంటే చాలా ఏళ్లు పడుతుంది. కార్పొరేషన్‌కి మాత్రం ప్రతి మార్చిలోనూ లెక్క కావాలి.

మొదటి మార్చిలో హైమవతి మేడం దగ్గర పంపడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా యూకేజీ పిల్లల సంబరం ఫొటోలు. ఈ రోజుల్లో ఏ కాన్వెంటులో చూసినా యూకేజీ అయిపోతే గౌనులేసి ఫొటోలు తీస్తున్నారు కదా, మనకేం తక్కువని మేడం గొడుగుగుడ్డతో గౌనులు కుట్టించింది. మున్సిపల్ విద్యాధికారి జోగినాథం గారిని ముఖ్య అతిథిగా పిలిచింది.

జోగినాథం గారు ముప్ఫయ్యేళ్లుగా ఫైళ్లలో ఉన్న మనిషి. పిల్లల్ని ఇంత దగ్గరగా చూడడం ఆయనకదే మొదలు అనుకుంటాను. గౌనులు చూడగానే జేబులోంచి ఏదో పాత ఉపన్యాసం తీశారు. “సదరు నవ పట్టభద్రులారా! ఉద్యోగాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవద్దని మిమ్మల్ని కోరుచున్నాను. మీరే పదిమందికి ఉద్యోగములు ఇచ్చు స్థాయికి ఎదగవలెను. వివాహ విషయమున తొందరపడవలదు.” ముందు వరసలో ఒకడు గౌనులోనే ఒంటికి పోసుకున్నాడు. వెనక వరసలో ఒకతె టోపీ కుచ్చు నమిలేసింది. నేను మాత్రం నిజంగా ఏడ్చాను. నీళ్లబిందె గుర్తొచ్చింది.

ఆ ఫొటోల్ని మేడం ‘పట్టభద్రులు’ అనే గడి కింద అంటించి పంపింది. వేరే గడి ఖాళీ లేక అలా చేశానని తర్వాత నాతో అంది. కార్పొరేషన్‌లో ఎవరూ ఫొటోలోని మనుషుల ఎత్తు కొలవలేదు. గౌను ఉంది, టోపీ ఉంది, చేతిలో కాగితం ఉంది, పక్కన జోగినాథం గారు స్వయంగా ఉన్నారు. ఎండలు ముదిరేలోపలే మాకు ఇంకో అర డజను బడులు అప్పగించారు.

విహారి గారు మమ్మల్నందర్నీ పిలిచి మీటింగ్ పెట్టారు. నిలబడే.

“ఫ్రెండ్స్, ప్రపంచం పదిహేనేళ్లలో చేసే పనిని మనం ఒక మధ్యాహ్నంలో చేశాం. ఇప్పుడు దీన్ని స్కేల్ చెయ్యాలి.”

నాకు సందేహం వచ్చింది. వస్తే దాచుకునే అలవాటు లేదు. “సార్, మరి చదువు?”

ఆయన నా భుజం మీద చెయ్యేశారు. “మంచి ప్రశ్న. చదువు అనేది ఇన్‌పుట్, పైడిరాజు గారూ. గౌను అవుట్‌పుట్. ఇప్పుడు దునియా అంతా అవుట్‌పుట్ వైపు వెళ్తోంది. మనం ఇన్‌పుట్ దగ్గరే కూర్చుంటే పేదపిల్లలు వెనకబడిపోతారు.”

పేదపిల్లలు వెనకబడిపోతారంటే నేను ఇంకేమీ అనలేను. నేనూ పేదపిల్లాణ్ణే.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ఏడాదికొక స్నాతకోత్సవం ఆర్నెల్లకొకటి అయింది. ఆర్నెల్లది నెలకొకటి అయింది. నల్లబల్లలకి నీలం రంగు వేశారు, ఫొటోలో వెనక తెర బాగుంటుందని. బెంచీలు వరండాలోకి గెంటి గదుల్లో గౌనుల దండేలు కట్టారు. తెలుగు చెప్పే సహచరురాలు గౌనులకి గంజి పెట్టేది. లెక్కల సహచరుడు కెమెరా పట్టేవాడు. నాది టోపీల విభాగం. పిల్ల తల మీద టోపీ నిలవాలంటే రెండు పిన్నులు చెవుల వెనక పెట్టాలి, నెత్తి మీద పెడితే జారుతుంది. ఆ మెలకువ నేనే కనిపెట్టాను. దాని మీద మిగతా బడుల వాళ్లకి నా చేత వర్క్‌షాపు కూడా పెట్టించారు.

మధ్యాహ్న భోజనం దగ్గర కొంచెం చిక్కొచ్చింది. అది విద్యార్థులకి ఉద్దేశించిన పథకం. మా దగ్గర విద్యార్థిగా చేరినవాడు నెల తిరిగేలోపల పట్టభద్రుడైపోతున్నాడు. పట్టభద్రులకి ప్రభుత్వం గుడ్డు పెట్టదు. వంటమ్మలు ఇద్దరూ ఖాళీ పొయ్యిల దగ్గర కూర్చుని పేలు చూసుకునేవారు. తర్వాత వాళ్ల చేత గౌనులకి గుండీలు కుట్టించారు.

చివరికి విహారి గారికి ఇంకో వెలుగు తట్టింది. “గమ్యం తెలిశాక ప్రయాణం దేనికి? గమ్యం నుంచే మొదలుపెడదాం!” అన్నారు. అప్పట్నుంచీ చేర్పించిన రోజే పట్టా. ముందుగేటు దగ్గర పేరు, మొదటి గదిలో గౌను, రెండో గదిలో నా టోపీ, మూడో గదిలో ఫొటో, వెనకగేటు దగ్గర అభినందనలు. తల్లులు ముందుగేటు దగ్గర పిల్లకి ముద్దుపెట్టి, చుట్టూ తిరిగి వెనకగేటుకి వచ్చేసరికి పిల్ల పట్టభద్రురాలై మిఠాయి చీకుతూ నిలబడి ఉండేది. నగరంలో కార్పొరేషన్ బడులన్నీ మా శ్రేణిలోకి వచ్చేశాయి. అన్నీ నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉండేవి. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు, “ఎంత క్రమశిక్షణ!” అని ముక్కు మీద వేలేసుకునేవారు.

దేదీప్య ఈ కొత్త పద్ధతి రాకముందే చేరిన పిల్ల. కాబట్టే ఊ దాకా వచ్చింది. పాతవాళ్లని కూడా ఒక వారంలో తేల్చెయ్యమని ఆదేశం వస్తే దానికీ టోపీ పెట్టాను. మా అప్ప ఆ ఫొటో చూసి మురిసిపోయి దేవుడి పటాల పక్కన మేకు కొట్టింది. మర్నాడు పొద్దున్న అదే మా అప్ప కంపెనీకి ఎగ్గొట్టి, పిల్ల రెక్క పట్టుకుని నా గదికి వచ్చింది.

“ఒరే పైడీ! ఏట్రా ఇది? గుంట సంచి తగిలించుకుని బడికెల్తే గేటుకాడ వాచ్‌మేను సెల్యూట్ కొట్టి ఎనక్కి పంపీసినాడట!”

“అప్పా, అది పట్టభద్రురాలు అయిపోయింది. ఇంక బడికి రానక్కర్లేదు.”

“రానక్కర్లేదా? రానీరా?”

నేను నిజాయితీగా ఆలోచించాను. “రానివ్వరు.”

“దానికేటి వొచ్చు?”

“ఊ దాకా వచ్చు.”

“ఊ కొట్టడానికి బడెందుకురా? నాను ఇంటికాడ కొట్టించనా?”

“పట్టా ఉందికదప్పా...”

మా అప్ప నా మంచం మీద కూలబడింది. కోపం వస్తే దానికి గొంతు తగ్గుతుంది. “ఒరే, నాను నీకులాగ సదవనేదు. ఇప్పటికీ బస్సు బోర్డు సదవడం రాదు. ఎవులో ఒకల్ని అడగాల. అడిగితే నా కోక వాసన సూసి మొకం తిప్పుకుంటారు. తప్పు బస్సెక్కి దిగిపోయిన రోజులున్నాయి. నా గుంట ఎవుల్నీ అడక్కుండా బస్సెక్కాల. అంతే నా కోరిక. దానికి గౌనెందుకురా, బస్సులో కప్పుకోడానికా?”

“నాకు గౌను బానే ఉన్నాది,” అంది దేదీప్య. “దురద.”

ప్రైవేటు బడికి పంపే స్తోమత మా అప్పకి లేదు. కార్పొరేషన్ బడులన్నీ మావే. అంటే ఈ నగరంలో దేదీప్య అక్షరం నేర్చుకోడానికి చోటు లేదు. నేర్పుదామంటే నేను ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇతరుల పిల్లల్ని పట్టభద్రుల్ని చేసే పనిలో ఉంటాను, ఆదివారాలు సామూహిక స్నాతకోత్సవాలు. మా అప్పనీ, దేదీప్యనీ వెంటబెట్టుకుని బయల్దేరాను. మామూలు మార్గంలోనే వెళ్లాలి కదా, ముందు హైమవతి మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ నిట్టూర్చి, “నన్నడక్కు బాబూ. పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఉంది, ఆ రోజుకి రమ్మను. సమోసా ఇస్తాం,” అంది.

విహారి గారు దేదీప్యని చూసి వంగి కరచాలనం చేశారు. “హలో గ్రాడ్యుయేట్! ఇప్పుడేం చేస్తున్నావు?”

“కాళీగున్నాను,” అంది అది.

నేను విషయం చెప్పాను. ఆయన ముఖం బాధగా పెట్టారు. “పైడిరాజు గారూ, మీరు ఏమంటున్నారో మీకు అర్థమవుతోందా? ఒక గ్రాడ్యుయేట్‌ని మళ్లీ అ ఆల్లో కూర్చోబెడితే ఆమెకి రాదని మనమే ఒప్పుకున్నట్టు. ఒక్కరికి రాదని ఒప్పుకుంటే అందరి ఫొటోలూ తిరగేస్తారు. అన్ని బడులూ పోతాయి. ఒక పిల్ల కోసం ఇంతమంది పిల్లల భవిష్యత్తుతో ఆడుకోలేం.”

“బాబూ,” అంది మా అప్ప, “ఆ పిల్లలందరూ వీధిలోనే ఉన్నారు. ఆడుకుంటన్నారు.”

ఆయనకి ఫోన్ వచ్చింది.

ఇక మిగిలింది కార్పొరేషన్. జోగినాథం గారి గదిలో ఫైళ్ల వెనక నుంచి ముందు ఆయన కళ్లద్దాలు కనిపించాయి, తర్వాత ఆయన. అంతా విన్నారు. నచ్చినట్టే ఉంది, ఇలాంటి సమస్య ఆయనకి ఎప్పుడూ రాలేదు.

“సదరు బాలికను కింది తరగతికి పంపడం పదావనతి కిందికి వస్తుంది. పదావనతి శిక్ష. శిక్ష వెయ్యాలంటే అభియోగం ఉండాలి, సంజాయిషీ అడగాలి, విచారణ జరపాలి. ఆమె చేసిన తప్పేమిటి?”

మా అప్పకి ఆశ పుట్టింది.

“తప్పులేటి బాబూ, బోల్డు! మొన్న పక్కింటి గుంటడి సెవి కొరికీసింది. నిన్న బిందె దొర్లించీసింది. అబద్ధాలు సెప్తాది...”

“అమ్మా!” అంది దేదీప్య.

“ఉండవే, నీ మంచికే!”

జోగినాథం గారు కలం తీశారు. “చెవి కొరికినప్పుడు ఆమె సర్వీసులో ఉందా?”

“అరుగు మీద ఉన్నాది బాబూ.”

కలం మూసేశారు. “అయితే చెల్లదు. సర్వీసులో లేని వ్యక్తి మీద చర్యకు అవకాశం లేదు. సర్వీసులో ఉంటే వేరు సంగతి. తప్పు చేస్తే విచారణ, పని రాకపోతే శిక్షణ. సర్వీసులో ఉన్నవాళ్లకి అన్నీ ఉంటాయమ్మా. లేనివాళ్లకే ఏమీ ఉండదు.”

మెట్లు దిగుతుంటే ఆ మాట నన్ను వదల్లేదు. పని రాకపోతే శిక్షణ. మా శ్రేణిలో ప్రతి గోడ మీదా ఒక నినాదం ఉంటుంది: ‘మన పట్టభద్రులకే మన కొలువులు.’ కొత్త బడులు కుప్పలుగా వచ్చిపడ్డాయి, సహచరులు చాలడం లేదు. ఉన్నవాళ్లు గంజి పెట్టడానికే సరిపోవడం లేదు. నేను మళ్లీ విహారి గారి దగ్గరికి వెళ్లాను. మన పట్టభద్రుల్నే అభ్యసన సహచరులుగా తీసుకుందామని, పని రాదు కాబట్టి ముందు శిక్షణ ఇద్దామని అన్నాను.

ఆయన గదిలో రెండు చుట్లు తిరిగారు. “మనం తయారుచేసిన గ్రాడ్యుయేట్లే మన టీచర్లు! దేశంలోనే అతి పిన్న ఫ్యాకల్టీ! పైడిరాజు గారూ, మీరు ఇన్నాళ్లూ టోపీల దగ్గర ఎందుకున్నారు?”

“మీరు పెట్టారు సార్.”

జోగినాథం గారు నిబంధనలు వెతికించారు. గరిష్ఠ వయోపరిమితి ఉంది, కనిష్ఠం గురించి ఎక్కడా లేదు. పిల్లల చేత పని చేయించకూడదన్న చట్టం గురించి నేనే అడిగాను, అడగడం నా బాధ్యత కదా. ఆయన తల పంకించి, “జీతం లేదు, కనక ఉద్యోగం కాదు. హోదా ఉంది, కనక సర్వీసే. పని రాదు, కనక పని చెయ్యరు. పని రాలేదని శిక్షణ, శిక్షణ కనక హాజరు తప్పనిసరి. ఇందులో చట్టవిరుద్ధం ఎక్కడుంది?” అన్నారు. నేను ఎంత వెతికినా దొరకలేదు.

సోమవారం ఉదయం దేదీప్య తలకి నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, విధుల్లో చేరింది. వాచ్‌మేను మళ్లీ సెల్యూట్ కొట్టాడు. ఈసారి గేటు తీసి కొట్టాడు.

శిక్షణ విభాగానికి నన్ను వేశారు. ఎవరూ కోరుకోని విభాగం అది, ఫొటోలు ఉండవు. పాత గౌనులు పారేసే గది ఇచ్చారు. కిటికీ రెక్క ఒకటి ఊడి ఉంది. బెంచీలు వరండాలోంచి లోపలికి మోసుకున్నాం. గోడకి ఒక పక్క రంగు వెయ్యని నల్లబల్ల మిగిలిపోయి ఉంది, దాన్ని తడిగుడ్డతో తుడిచాను. మొదటిరోజు ఋ రాశాను. చాలా కాలానికి నా చేతికి సుద్దముక్క పొడి అంటింది.

ఒక్క దేదీప్యతోనే మొదలుపెట్టాను. వారం తిరక్కుండా గది నిండిపోయింది. దానికి కారణం నేను కాదు, భోజనం. ఉపాధ్యాయుల శిక్షణలో భోజనం బాగుండాలని నిబంధన ఉంది. పెద్దవాళ్లు రాసుకున్న నిబంధన కాబట్టి అందులో స్వీటు, పెరుగు, రెండు కూరలు కూడా ఉన్నాయి. వంటమ్మలు గుండీలు పక్కన పడేసి పొయ్యి వెలిగించారు. దేదీప్య సాయంత్రం వీధిలోకి వెళ్లి, “మా సర్వీసులో జాంగ్రీ ఎట్టినారు,” అని చెప్పింది. మర్నాడు పేటలో వీధుల్లో తిరుగుతున్న పట్టభద్రులందరూ ముందుగేటు దగ్గర వరస కట్టారు.

“సార్, ఒంటికి పర్మిషన్,” అనేవాడొకడు.

“అరపూట సెలవు పెట్టుకో,” అని దేదీప్య వాణ్ణి ఏడిపించేది. పెద్దవాళ్ల మాటలన్నీ అది పట్టేసింది.

మధ్యలో కార్పొరేషన్ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు, సిబ్బంది విధి నిర్వహణ వేళల్లో ఖోఖో ఆడుతున్నారని రాసుకున్నారు. శారీరక సామర్థ్య శిక్షణ అని సంజాయిషీ ఇచ్చాను. సిబ్బంది చెట్టెక్కి దిగనంటున్నారని రాసుకున్నారు. నేను చెట్టు కింద నిలబడి బతిమాలాను. ఎలా ఉన్నా, నగరంలో అన్ని బడుల్లోకీ చదువు జరుగుతున్న గది అదొక్కటే. చదువు అని మాత్రం ఎక్కడా అనలేదు.

ఒత్తులు వచ్చాయి. గుణింతాలు వచ్చాయి. వానలు పడి తగ్గేసరికి దేదీప్య కూడబలుక్కోకుండా చదవసాగింది. మా అప్పకి సాయంత్రాలు వచ్చేపోయే బస్సుల మీద రాసినవన్నీ గట్టిగా చదివి వినిపించేది. కొన్నింటి మీద రాసినవి చదవకూడనివి కూడా ఉంటాయి, అవీ చదివేది. మా అప్ప నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకునేది. నేను కూడా పిచ్చివాడిలా సంతోషపడ్డాను. నా సంతోషం విహారి గారి దాకా వెళ్లింది.

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చేతులు చాచారు. “పైడిరాజు గారూ, అద్భుతం వింటున్నాను! శిక్షణ పూర్తయినట్టే కదా? పూర్తయిన వాళ్లందరికీ శనివారం మాస్టర్ ట్రైనర్ స్నాతకోత్సవం. ఎర్ర గౌనులు ఆర్డరిచ్చాను. ఆ ఫొటోలు పంపితే పక్క జిల్లాల బడులు కూడా మనకే. ఈ గది కూడా ఖాళీ అవుతుంది, గౌనులకి చోటు చాలడం లేదు.”

శనివారం టోపీ పడితే సోమవారం నుంచి మళ్లీ వీధి. ఇంకోసారి సర్వీసులోకి తీసుకోవడానికి పైన ఇంకో హోదా లేదు.

“సార్, ఇంకా కొంచెం మిగిలింది...”

“కొంచెం ఎప్పుడూ మిగులుతుంది. ఒక్కరిని చెక్ చేద్దాం, చాలు.” ఆయన కళ్లు గదంతా తిరిగి మా మేనకోడలి మీద ఆగాయి. “హలో గ్రాడ్యుయేట్! ఏదైనా చదివి వినిపించు.”

పుస్తకం అందించబోయాను. “వద్దు, బట్టీ పట్టి ఉంటారు. అదిగో, అది చదవమనండి,” అని గోడ మీద మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన అంటించిన కాగితం చూపించారు. దాన్ని అప్పటిదాకా మేమెవరం చూడనైనా లేదు.

దేదీప్య లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. గొంతెత్తి మొదలుపెట్టింది: “అగ్నిప్రమాదం సంభవించినప్పుడు కంగారు పడకండి. పిన్ను లాగండి. గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టండి. మీటను గట్టిగా నొక్కండి. అటూ ఇటూ ఊపుచూ చల్లండి. మంట పెద్దదైతే వెనుకకు తిరిగి పరుగెత్తండి.”

ఒక్క అక్షరం తడబడలేదు. అంత చక్కగా నేను డిగ్రీలో కూడా చదవలేదు.

విహారి గారు కాగితం వైపు చూశారు. పిల్ల వైపు చూశారు. తర్వాత నావైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి అడిగారు: “కరెక్టేనా? నాకు తెలుగు మాట్లాడ్డం వరకే. స్క్రిప్ట్ రాదు.”

గదంతా నన్నే చూస్తోంది. నేను పైఅధికారికి ఎన్నడూ అబద్ధం చెప్పినవాణ్ణి కాదు. మా నాన్న బస్తాలు మోసి నాకు నేర్పిన మొదటి సంగతి అదే.

“ఒక్క ముక్కా రాలేదు సార్,” అన్నాను. “నోటికొచ్చింది చెప్పింది.”

దేదీప్య నోరు తెరిచింది. దాని మొహం చూడలేక సిలిండరు వైపు చూశాను.

“ఒక్క ముక్కా?” అన్నారు ఆయన. “మరి మిగతావాళ్లు?”

“వీళ్లలో ఇదే నయం సార్.”

ఆయన మా శ్రేణి పుట్టాక మొదటిసారి ఒక కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. “అయితే రిజల్టు?”

“సున్నా సార్. ఇంకా ఏడాది పడుతుంది. రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. వీళ్లు అసాధ్యులు.”

“సున్నా,” అన్నారు ఆయన, చేదుగా ఏదో మింగినట్టు. “పైడిరాజు గారూ, మీ మీద నేను ఎంతో నమ్మకం పెట్టుకున్నాను. ఈ సున్నాని నేనెక్కడా చూపించలేను. దీన్ని ఎవరూ చూడకుండా ఇక్కడే ఉంచండి. ఎర్ర గౌనులు వేరే బడికి పంపిస్తాను.” లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగారు. “గోడ మీద మీ ఫొటో తీయించేస్తున్నాను. ఏమీ అనుకోకండి.”

“అనుకోను సార్,” అన్నాను. నిజంగానే అనుకోలేదు.

తెల్ల బూట్ల చప్పుడు వరండా చివర ఆగేదాకా గదిలో ఎవరూ కదల్లేదు. తర్వాత దేదీప్య నా ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

“మావయ్యా, నాను కరెస్టుగానే సదివినాను.”

“అవునమ్మా. అక్షరం పొల్లుపోలేదు.”

“మరెందుకు ఫెయిల్ సేసినావు?”

“పాసైతే శనివారం టోపీ పెట్టి పంపేస్తారమ్మా. ఫెయిలైన వాళ్లయితే రేపు కూడా రావచ్చు.”

అది ముక్కు ఎగబీల్చింది. కొంచెంసేపు ఆలోచించింది. జడ చివర నోట్లో పెట్టుకుని ఇంకా కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత బెంచీ ఎక్కి, గది చివరిదాకా వినబడేలా అరిచింది:

“ఒలే! అందరం ఫెయిలంట! రేపు కూడా బడున్నాది!”